ఎదురుకాళ్ల మేనమామ

నేను పుట్టినప్పుడు తలకంటే ముందు నా కాళ్లు బయటికొచ్చాయి. మా వైపు దీన్ని ఎదురుకాళ్ల పుట్టుక అంటారు. అలా పుట్టినవాడు మడమతో తాకితే పట్టేసిన నడుము వదిలేస్తుందని నమ్మకం. నేను ఏ పరీక్షా రాయకుండా, ఎవరి సిఫార్సూ లేకుండా సంపాదించిన పదవి ఇదొక్కటే.

మాది భద్రాచలం నుంచి రాష్ట్ర సరిహద్దు దాటాక, కోంట బ్లాకులో మరైగూడ దారిలో ఉన్న ఊరు. మావాళ్లు నాట్లేస్తారు, ఇప్పపువ్వు ఏరుతారు, తునికాకు తెంపుతారు. అన్నీ వంగి చేసే పనులే. వంగకుండా చేసేది ఫోన్ మాట్లాడటం ఒక్కటే. దానికి కూడా సిగ్నల్ కోసం మెడ పైకెత్తి నిలబడాలి కాబట్టి మెడ పట్టేస్తుంది. మెడ మాత్రం నా శాఖ కాదు.

నేను పెట్టింది మొబైల్ రిపేరు కొట్టు. కొట్టుకు ఫోన్లు తెచ్చేవాళ్లకంటే నడుములు తెచ్చేవాళ్లు ఎక్కువ. ఫోనైతే రేపు రమ్మంటాను. నడుమైతే అప్పటికప్పుడే. మనిషి గోడ పట్టుకుని వంగుతాడు, నేను మడమతో మెల్లగా తాకుతాను. తాకేది పెద్దవాళ్లని కనుక వెంటనే వంగి వాళ్ల పాదాలకు దండం పెడతాను. తన్ని దండం పెట్టే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. తునికాకు రోజుల్లో గిరాకీ ఎంత ఉంటుందంటే, దండాలు పెట్టీ పెట్టీ సాయంత్రానికి నా నడుమే పట్టేస్తుంది. దాన్ని తన్నడానికి ఊళ్లో ఇంకో ఎదురుకాళ్లవాడు లేడు.

ఇంతకీ తగ్గుతుందా అంటే, వచ్చినవాళ్లలో చాలామంది మర్నాడు పనికి వెళ్లేవారు. తగ్గి వెళ్లారో, తప్పక వెళ్లారో నేను అడగలేదు. సొంత గిరాకీ పాడుచేసుకునే ప్రశ్నలు ఎవరడుగుతారు?

ఇలా నా పదవి నిశ్చింతగా సాగుతుండగా మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

అక్కను భేజ్జి వైపు ఇచ్చాం. బావ ఆమెను మోటార్ సైకిల్ మీద, కింద దిండు పెట్టి, పెళ్లినాటికంటే మెల్లగా నడుపుకుంటూ తెచ్చాడు. ఆ సాయంత్రమే మా ఊరి మితానిన్ దీదీ వచ్చింది. గర్భిణుల్ని, పసిపిల్లల్ని చూసుకోవడానికి ఊరూరికీ ఒక మితానిన్ ఉంటుంది మాకు. దీదీ తన ఇంట్లో దోర్లీలో తిడుతుంది, ఆఫీసుల్లో హిందీలో మొరపెట్టుకుంటుంది, మాతో తెలుగులో ఎగతాళి చేస్తుంది. అక్క పొట్ట మీద అరచేతులు పెట్టి పైనొకసారి, కిందొకసారి ఒత్తి చూసింది.

"గట్టిగ, గుండ్రంగ పైన తగుల్తాంది. తలకాయ పైన ఉన్నట్టుంది. ఉల్టా ఉన్నదేమో," అంది.

అని నా వైపు చూసింది. బావ కూడా చూశాడు. పక్కింటి పెద్దవ్వ చెవులు సరిగా వినిపించవు గాని, అందరూ ఎటు చూస్తున్నారో చూసి తనూ అటే చూసింది.

"నన్నేం చూస్తున్నరు? నేను ఇక్కడనే ఉన్న గద," అన్నాను.

"మేనమామ పోలిక," అంది దీదీ, తీర్పు చెప్పినట్టు.

అందరూ నవ్వారు. అమ్మ మాత్రం లేచి లోపలికి వెళ్లింది. పొయ్యి మీద ఏదో మాడుతోందేమో అనుకున్నాను.

దీదీ మాట విని స్కానింగ్‌కి భద్రాచలం వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ బొమ్మ చూసి, బిడ్డ తల పైకే ఉందని చెప్పింది. ఈ నెలలో ఇలా కూర్చునే పిల్లలు చాలామంది ఉంటారని, చాలావరకు వాళ్లంతట వాళ్లే తిరుగుతారని, కొన్ని వారాలయ్యాక మళ్లీ రమ్మని అంది.

"మీ ఇంట్లో ఇట్ల పుట్టినవాళ్లు ఎవరన్న ఉన్నరా?"

బావ వేలు చూపించాడంతే. నిందితుణ్ణి గుర్తుపట్టే పద్ధతిలో.

డాక్టరమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తల్లో తండ్రో అట్ల పుట్టి ఉంటే కొంచెం అవకాశం ఉందంటారు. మేనమామ సంగతి మా పుస్తకాల్లో లేదు," అంది. నాకు పెద్ద బరువు దిగింది. బావకు ఒక దారి మూసుకుపోయింది.

ఆ వార్త విని బావ వాళ్లమ్మ, అంటే మాకు అత్త, సంచీ నిండా చామదుంపలతో వచ్చేసింది. బిడ్డ తిరగకపోవడానికి కారణాలు కూడా ఆమె అంతకంటే ఎక్కువే తెచ్చింది.

అక్క ఎద్దు పలుపు దాటిందట. ఎడమవైపు పడుకుందట. బావ మాత్రం తప్పంతా రోడ్డుదే అన్నాడు. భేజ్జి రోడ్డు మీద పెద్దవాళ్లకే లోపలి పేగులు చోటు మారుతుంటే బిడ్డ ఎంత అని వాదించాడు. నాకు ఇదే సబబుగా తోచింది. రోడ్డైతే ఎదురు మాట్లాడదు.

"నీళ్లు నిలబడి తాగుతది ఈ పిల్ల. ఎన్నిసార్లు చెప్పిన? నిలబడి తాగితే లోపటోడు గూడ నిలబడ్డడు," అంది అత్త.

"కూసోని తాగెటందుకు మీ ఇంట్ల నాకు టైమెప్పుడిచ్చిన్రు అత్తా?" అంది అక్క.

అత్త వెంటనే మాట మార్చి, మళ్లీ ఎద్దు పలుపు కారణం దగ్గరికి వెళ్లిపోయింది.

చివరికి వైద్యం కూడా ఆమే చెప్పింది. "ఇంట్ల ఇంత పెద్ద ఎదురుకాళ్లోన్ని పెట్టుకోని భద్రాచలం తిరుగుడేంది? అల్లుడా, నడుముకు ఒక్కసారి కాలు తాకియ్యి. లోపటిది కదుల్తది."

"తన్నినవనుకో, ఈసారి రాఖీ కట్ట," అంది అక్క.

అందరి ముందూ, గుడిలో అడుగుపెట్టినంత జాగ్రత్తగా, బొటనవేలి కొసతో అక్క నడుము తాకాను. లోపలినుంచి బిడ్డ టపీమని తన్నింది. అక్క ఉలిక్కిపడి నవ్వింది. అత్త రెండు చేతులూ జోడించింది. ఎవరికి జోడించిందో తెలియలేదు గాని, నేను మాత్రం నమస్కారం స్వీకరించాను.

వారాలు గడిచాక మళ్లీ స్కానింగ్‌. బిడ్డ అంగుళం కూడా కదల్లేదు.

నా పదవి ఊడుతుందనుకున్నాను. ఊడలేదు. "నువ్వు తాకినవు గద, నీ కాలు గుర్తువట్టింది. మామ వచ్చిండని కుదురుగ కూసున్నది," అంది అత్త. మా ఊళ్లో ఓడిపోవడానికి వీల్లేని పదవి ఇదొక్కటేనని ఆ రోజు అర్థమైంది.

డాక్టరమ్మ ఈసారి నవ్వలేదు. పిర్రలు కిందికి, కాళ్లు నిటారుగా మొహం దాకా మడిచి, బిడ్డ ముడుచుకుని ఉంది. ఉమ్మనీరు తక్కువైంది. పైనుంచి చేతులతో ఒత్తి బిడ్డను తిప్పే పద్ధతి ఒకటుందట. నీరు తక్కువ ఉన్నప్పుడు తను ఆ పని చేయనంది. ఆపరేషన్‌కు ఒక రోజు చెప్పింది. ఆలోపు నొప్పులొచ్చినా, ఉమ్మనీరు పోయినా, ఉన్నవాళ్లం ఉన్నట్టు బయల్దేరాలంది.

"తలకాయ అన్నిటికంటే పెద్దది. అది ముందొస్తే దారి చేసుకుంట వస్తది. ఒళ్లు ముందొచ్చి తల చివరికి ఇరుక్కుంటే మాకు టైముండదు. బొడ్డుతాడు నొక్కుకుంటది. ఇంటి దగ్గరైతే అసలు ఎవ్వరూ ఏమీ చెయ్యలేరు."

అక్క అప్పటిదాకా ఏమీ అడగలేదు. వెళ్లేముందు మెల్లగా అడిగింది. "నా వల్లనే ఇట్లయిందా మేడం? నేను చేసిన పనులేమన్న...?"

"ఏం కాదమ్మా. గర్భసంచి ఆకారం తేడా ఉన్నా, మాయ కిందికి అంటుకున్నా, నీరు ఎక్కువైనా, తక్కువైనా, కవలలున్నా ఇట్ల కూర్చుంటరు. నీకు నీరు తగ్గింది. అదే కారణమో, ఇంకోటుందో నేను చెప్పలేను. చానామందిలో ఏ కారణమూ దొరకదు. నువ్వు నిలబడ్డదానికి, పడుకున్నదానికి మాత్రం కాదు."

అక్క తల ఊపింది. ఎద్దు పలుపు సంగతి ఆమె ఇన్నాళ్లూ నమ్ముతోందని నాకప్పుడు తెలిసింది. ఇంట్లో అన్ని కారణాలకూ నేను నవ్వుతుంటే, ఆమె ఒక్కొక్కటే మనసులో దాచుకుంది.

ఊరికి వచ్చాక అసలు గొడవ మొదలైంది. తొలి కాన్పు పుట్టింట్లోనే, అయితే కోతకు ఒప్పుకోవాల్సింది మాత్రం అత్తింటివాళ్లు. అత్త ఒప్పుకోలేదు.

"కడుపు కోసుడెందుకు? ఈ పిలగాడు పుట్టలేదా? ఎదురుకాళ్లతోటి, ఇంట్లనే, ఏ డాక్టర్ లేకుండ పుట్టిండు. ఎట్లున్నడు సూడు, గోడ లెక్క!"

అంతే, నేను సాక్ష్యం అయిపోయాను. సాక్షినైతే నోరు విప్పొచ్చు. సాక్ష్యానికి ఆ సౌకర్యం లేదు. వచ్చినవాళ్లందరికీ అత్త నన్ను నిలబెట్టి చూపించేది. నడుము కోసం వచ్చిన ఒక పెద్దాయన, "నిజమే, మంచిగ పుట్టిండు," అని నా భుజం తట్టి, గోడ వైపు తిరిగి వంగాడు. నేను లేకపోయి ఉంటే అక్క ఈపాటికి భద్రాచలంలో ఉండేది. బతికి ఉండటం ఇంత ఇబ్బందిగా ఎప్పుడూ అనిపించలేదు.

బావను అడిగితే, "అమ్మ ఏమంటే అదే బామ్మర్దీ," అన్నాడు. ఇంకాసేపటికి, "డాక్టరమ్మ చెప్పింది గూడ నిజమే," అన్నాడు. రెండు గట్లకూ కట్టేసిన నాటుపడవలా ఉన్నాడు.

వానలు మొదలయ్యాయి. మాకూ పెద్దరోడ్డుకూ మధ్య ఒక వాగు ఉంది. అది పొంగితే దారి ఉండదు. అక్క రోజూ వాకిట్లో కూర్చుని ఆకాశాన్ని చూసేది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది.

"ఒరే తమ్మీ, నీ జోకులన్నీ పక్కన పెట్టి, మా అత్తకు ఒక్క మాట సీదాగ చెప్తవా? నాకు భయమైతాంది."

అక్కకు భయమేస్తుందని నాకు తెలియదు. పాము కనిపిస్తే కర్ర కోసం కాక, పామును చూడటానికి నన్ను పిలిచిన మనిషి ఆమె.

వెళ్లి సీదాగా చెప్పాను. "అత్తా, వాగొస్తే దాటలేం. అక్కకేమన్న అయితే మనం ఏం చెయ్యలేం."

అత్త నా మొహం చూస్తూ ఆగింది. బావా ఆగాడు. తర్వాత వచ్చే జోకు కోసం ఎదురుచూస్తున్నారు. జోకు రాకపోయేసరికి, అదే జోకనుకుని నవ్వారు. ఊళ్లో ప్రతి ఏడుపునూ జోకుతో మధ్యలో తుంచినవాడికి ఇలాంటి శాస్తి జరుగుతుందని ఎవరూ ముందే చెప్పలేదు.

అమ్మ అరుగు మీద చింతపండు ముందేసుకుని, సుత్తెతో గింజలు కొడుతోంది. ఆ నవ్వు విని సుత్తె కింద పెట్టింది.

"వదినా, వాడు మంచిగ పుట్టిండని నేనెప్పుడన్న నీతోటి అన్ననా?"

అత్త తిరిగి చూసింది. అమ్మ చేతికంటిన పులుపును చీరకు తుడుచుకుంటూ చెప్పింది.

"కాళ్లొచ్చినయి. నడుమొచ్చింది. చేతులొచ్చినయి. తలకాయ రాలే. ఆ మంత్రసాని గుంజబట్టింది, నేను అరుసుడు గూడ మరిచిన. ఎట్లనో వచ్చిండు. వచ్చినంక నీలంగ ఉన్నడు. ఊ అనలే, ఆ అనలే. పాత చీరెల సుట్టి పక్కకు పెట్టిన్రు వాన్ని. బిడ్డ లేడనుకో, నిన్ను బతికించుకుంటం అన్నరు నాతోటి. నేను ఆ మూట దిక్కే సూసుకుంట పండుకున్న. అదే మూట కదిలింది. మంత్రసాని ఉరికి పోయి వాని అరికాళ్లు కొట్టింది, ఒళ్లంత రుద్దింది. అప్పుడేడ్సిండు."

సుత్తె చేతిలోకి తీసుకుని, అమ్మే మళ్లీ అంది. "అప్పటిసంది నోరు మూస్తలేడు."

అమ్మ ఆ మాట జోకుగా అనలేదు. అందుకే ఎవరూ నవ్వలేదు. ఊళ్లో ఇంత మంచి అవకాశం వచ్చి, నాకు ఒక్క మాట కూడా దొరకని రోజు అదే.

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?" అంది అత్త.

"నడుం బాగయిందని ఊరోళ్లు దండం పెడుతుంటే ఏమని చెప్త? నాకు గుర్తున్నదానికంటే వాళ్లు చెప్పుకునేదే మంచిగుండె. కాని వదినా, నా కొడుకును చూపిచ్చి నా బిడ్డను ఇంట్ల పండుకోబెడుతనంటే ఊకోను. వాడు బతుకుడు నా అదృష్టం. అది ఇంకొకరికి పెట్టే మందు కాదు."

అత్త కొన్ని చింతగింజల్ని ఏరి పక్కన పెట్టింది. తర్వాత తన అసలు భయం బయటపెట్టింది. అది బిడ్డ కాళ్ల గురించి కాదు, కోత గురించీ కాదు.

"కోసే ముందు నడుంల మత్తు సూది ఇస్తరట గద. మా చెల్లెకు ఇచ్చిన్రు. ఇప్పటికీ గంప ఎత్తదు. నాటుకు పోతే మధ్యల కూలబడ్తది. మా ఇంట్ల ఆడోళ్లకు నడుం లేకపోతే ఏమున్నది వదినా? రేపు నేను సచ్చినంక ఈ పిల్ల ఎట్ల బతుకుతదని నా బాధ."

అప్పుడు నాకు నోరొచ్చింది. "అత్తా, నడుము సంగతి నాకొదిలెయ్. నేనున్నది దేనికి? అక్కకు జీవితాంతం తన్ను ఫ్రీ."

ఆమె నవ్వింది, ఏడ్చింది, పక్కనున్న చింతపండు ముద్ద నా మీదికి విసిరింది. అన్నీ కలిపే చేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "పోదం పాండ్రి మరి. వాగొచ్చినంక పోతరా?" అంది, ఇన్నాళ్లూ ఆపింది మేమే అయినట్టు. అందరికంటే ముందు తన సంచీ సర్దుకుంది ఆమే.

బొలేరో మాట్లాడుకుని మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. వాగు చప్టా మీద నీళ్లు పారుతున్నాయి గాని లోతు లేదు. డ్రైవర్ దిగి చూసి, మళ్లీ ఎక్కి, స్టీరింగ్‌కు దండం పెట్టుకున్నాడు. నేను ఏదో అనబోయాను. అక్క గిచ్చింది. ఒడ్డు ఎక్కాక అత్త కిటికీలోంచి వెనక్కి చూసి, "ఇంతేనా వాగు?" అంది.

ఆస్పత్రిలో అత్త డాక్టరమ్మను ఆపి, సూది గురించి మొహం మీదే అడిగింది. సూది వేసిన చోట కొద్దిరోజులు నొప్పి ఉండొచ్చని, ఏళ్ల తరబడి ఉండే నొప్పికి అది కారణం కాదని, బిడ్డను ఒంగి ఒంగి ఎత్తడం, పాలిచ్చేటప్పుడు సరిగా కూర్చోకపోవడం, త్వరగా బరువులెత్తడం వల్లే చాలామందికి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. చివరి మాట దగ్గర అత్త నేల వైపు చూసింది. వాళ్ల చెల్లెలు బాలింతగా ఎన్నాళ్లకు గంప ఎత్తిందో లెక్క చూసుకుంటోందనిపించింది.

అక్కను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లాక బావ వరండాలో అటూ ఇటూ తిరిగాడు. అమ్మ గోడకానుకుని కూర్చుంది, కళ్లు తలుపు మీద. నేను బావతో ఏదో అన్నాను, ఏమన్నానో ఇప్పుడు గుర్తులేదు. అతను వినలేదు. నేనూ వినిపించాలని అనలేదు. నోరు కదులుతుంటే భయం కనిపించదని అన్నానంతే.

తలుపు తెరుచుకుని నర్సు బట్టలో చుట్టిన బిడ్డతో వచ్చింది. ఆడపిల్ల. మేము చేరేలోపే ఆ పిల్ల ఏడుపు వరండా అంతా వినిపించింది. అమ్మ ముందుకు వచ్చి, బట్ట కొంచెం పక్కకు తీసి, ఒంటి రంగు చూసింది. ఎర్రగా ఉంది. అప్పుడు నేల మీద కూర్చుండిపోయింది.

"తల్లి బాగుంది. కుట్లు వేస్తున్నరు," అంది నర్సు.

"ముందేమొచ్చింది?" అని అడిగాడు బావ. అంత ఆనందంలోనూ అతనికి కారణాల యావ పోలేదు.

"పిర్రలు," అంది నర్సు. మా మేనకోడలు లోకానికి మొదట చూపించింది వీపు వైపే. లోకం మీద తన అభిప్రాయం అప్పుడే చెప్పేసింది.

మర్నాడు అక్కను వార్డులోకి మార్చారు. అసలు తమాషా అక్కడ మొదలైంది. బిడ్డ కాళ్లు కిందికి దిగడం లేదు. నెలల తరబడి మొహం పక్కన పెట్టుకున్న కాళ్లు కదా, అలాగే చెవుల దగ్గర ఉన్నాయి. అత్త రెండు పాదాలూ పట్టుకుని మెల్లగా కిందికి దించేది. వదలగానే అవి మళ్లీ చెవుల దగ్గరికి లేచేవి. మళ్లీ దించేది. మళ్లీ లేచేవి.

"కొన్ని రోజులు ఇట్లనే ఉంటయి, బలవంతంగ లాగకుండ్రి. తుంటి కీలు చూపించుకుందురు గాని," అంది డాక్టరమ్మ.

"డాక్టరమ్మా, రేషన్ దుకాణం లైన్ల చెప్పులు పెట్టి పోయినట్టు, ఇది కాళ్లు పెట్టి జాగా ఆపుకున్నది," అన్నాను.

అక్క నవ్వింది. నవ్వగానే పొట్ట పట్టుకుని, "అమ్మో!" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కుట్లు! కుట్లు గుంజుతున్నయిరా! నవ్వియ్యకు!"

నర్సు పరుగున వచ్చింది. ఎవరు నవ్వించారని అడిగింది. ఈసారి కూడా బావ వేలే లేచింది. నన్ను వార్డు బయటికి పంపేశారు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల అత్త అమ్మతో, కోడల్ని ఎన్ని నెలలు పుట్టింట్లో ఉంచాలో మాట్లాడుతోంది. అమ్మ అడిగినదానికంటే అత్తే ఎక్కువ చెప్తోంది. గంప ఎత్తనియ్యను, బిందె ముట్టనియ్యను అంటోంది. బావ టీ తెచ్చి నా చేతికిచ్చి, పక్కన కూర్చున్నాడు.

సాయంత్రం అక్క గొంతు వినిపించింది. "వాన్ని పిలువుండ్రి. బిడ్డను ఎత్తుకోలేదు ఇంకా. కాని నోరు తెరవొద్దని చెప్పి పిలువుండ్రి."

నోరు గట్టిగా మూసుకుని లోపలికి వెళ్లాను. అత్త బిడ్డను నా చేతుల్లో పెట్టింది. ఎంత తేలిగ్గా ఉందంటే, ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. ఆ పిల్ల ఒక్కసారి కాలు జాడించింది. పాదం వచ్చి నా ముక్కుకు తగిలి, అక్కడే ఆగింది. నేను కదల్లేదు. ఒక్క మాట అనలేదు. ఊపిరి కూడా మెల్లగానే పీల్చాను.

అక్క నా మొహం చూసింది.

"అబ్బా, కుట్లు," అంది, దిండు పొట్టకు అదుముకుని.